అజెండా మొత్తం పావుగంటలో ఆమోదం. మా వీధి కాలువ సంగతి ఎవరిని అడగాలి?

కాలువగట్టు
మాది కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను, రాస్తే ఇక్కడ పార్టీల గొడవ మొదలవుతుంది. మా వీధి చివర సైడు కాలువ గోడ కూలి చాలా కాలమైంది. వాన పడితే మురుగు నేరుగా ఇళ్ల అరుగుల మీదికి వస్తుంది. వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చాం. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు వచ్చి టేపు పట్టించి, కొలతలు రాసుకుని, "వచ్చే కౌన్సిల్‌లో పెడతాం" అని చెప్పి వెళ్లారు. మొన్న కౌన్సిల్ సమావేశం జరిగింది. మర్నాడు జిల్లా పేజీలో రెండు వాక్యాల వార్త: అజెండాలోని అంశాలన్నీ ఆమోదం పొందాయట. నలభైకి పైగా అంశాలు, పావుగంట. మిగిలిన సమయమంతా ఎవరి ఫ్లెక్సీ ఎవరు చించారన్న గొడవేనట.

మా కాలువ ఆ నలభైలో ఉందా అని మా కౌన్సిలర్‌ను అడిగాను. "అన్నీ పాస్ అయ్యాయి కదా, ఉండే ఉంటుంది" అన్నారు. ఇక ఎవరిని అడగాలి? మామూలు మనిషి వెళ్లి ఆ సమావేశంలో కూర్చోవచ్చా? అజెండా కాపీ ఎక్కడ దొరుకుతుంది?

టీకప్పు
పావుగంట అంటే ఎక్కువే. మా ఊళ్లో చైర్‌పర్సన్ కుర్చీలో కూర్చోకముందే బల్లలు చరిచేస్తారు. సమోసాలు చల్లారిపోతాయన్న తొందర.

మూడోవార్డు_ఓటరు
వెళ్లవచ్చు. నేను వెళ్లాను. గేటు దగ్గర అటెండరు "మీరు ఏ పేపరు?" అని అడిగాడు. పేపరు కాదు, పన్ను కట్టేవాణ్ణి అంటే కాసేపు నా ముఖంలోకి చూసి, లోపల ఎవరినో అడిగి వచ్చి, విలేకరుల వెనక బెంచీ చూపించాడు. అడ్డుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఎవరూ రారు కాబట్టి ఏం చేయాలో వాళ్లకే తెలియదు, అంతే.

లెక్కల_మాస్టారు
వెళ్లి కూర్చుని లాభమేమిటి? మాట్లాడనివ్వరు కదా. చప్పట్లు కొట్టడానికి తప్ప ప్రేక్షకుడికి పనేముంది?

మూడోవార్డు_ఓటరు
@లెక్కల_మాస్టారు, మీరు వెనక బెంచీలో పుస్తకం పట్టుకుని కూర్చుంటే ముందు బెంచీ వాళ్ల భాషే మారుతుంది. అది నేను కళ్లారా చూశాను.

రిటైర్డ్‌మేనేజర్
నేను మున్సిపల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి మేనేజరుగా రిటైరయ్యాను. కౌన్సిల్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి.

ముందు మీ మొదటి ప్రశ్న. కౌన్సిల్ సమావేశం రహస్యం కాదు, ప్రజలు చూడవచ్చు. ఏదైనా సందర్భంలో బయటివారు వెళ్లిపోవాలని అధ్యక్షత వహించేవారు చెప్పవచ్చు, కానీ అందుకు కారణం ఉండాలి. మాస్టారు చెప్పినట్టు మీకు మాట్లాడే హక్కు మాత్రం లేదు. మీ తరఫున మాట్లాడడానికే కౌన్సిలర్‌ను ఎన్నుకున్నారు.

రెండోది, పావుగంటలో నలభై అంశాలు. దీన్ని చూసి అందరూ ముక్కున వేలేసుకుంటారు గానీ ఆ నలభైలో ముప్పై ఎలాంటివో తెలుసా? తాగునీటి కోసం క్లోరిన్, ఆలం (పటిక) కొనుగోలు. బ్లీచింగ్ పౌడరు. పంపుహౌస్‌లో కాలిపోయిన మోటారు వైండింగ్. చెత్త ట్రాక్టరు టైర్లు. అవుట్‌సోర్సింగ్ సిబ్బంది గడువు పొడిగింపు. కారుణ్య నియామకం. జాతరకు తాత్కాలిక లైట్లు. ఒక్కొక్కదాని మీద చర్చ పెడితే ఊరికి నీళ్లు రావు. వాటిని గంపగుత్తగా ఆమోదించడంలో తప్పు లేదు.

ఇక ఒక పని కాగితం ఎలా నడుస్తుందో వినండి. ఏఈ కొలతలు తీసి అంచనా వేస్తారు. ఆ అంచనా ఏఈ పై ఇంజనీరైన డీఈ మీదుగా కమిషనర్ దగ్గరికి వెళ్తుంది. అక్కడి నుంచి నోట్ రూపంలో కౌన్సిల్ సెక్షన్‌కు వస్తుంది. మేము దాన్ని ఇలా రాస్తాం: "ఫలానా వార్డు ఫలానా వీధి యందు దెబ్బతిన్న సైడు కాలువ పునర్నిర్మాణమునకు అంచనా తయారు చేయబడినది. సదరు విషయము కౌన్సిల్ వారి పరిశీలనార్థం, ఆమోదార్థం ఉంచడమైనది." అజెండా సభ్యులందరికీ ముందుగానే వెళ్తుంది. కౌన్సిల్ ఆమోదిస్తే దాన్ని పరిపాలనా ఆమోదం అంటారు. ఆ తర్వాత సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు. పని జరిగాక కొలతల పుస్తకంలో నమోదు, చివరికి బిల్లు. అందువల్ల "పాస్ అయింది" అన్న మాట వినగానే రేపు సిమెంటు లారీ వస్తుందని అనుకోకండి.

కిరాణా_కొట్టు
మేనేజర్ గారూ, మున్సిపల్ కాంప్లెక్సులో నాకొక షాపు ఉంది. మూడేళ్లయిందని అద్దె 33 శాతం పెంచుతూ నోటీసు ఇచ్చారు. ఇది కూడా ఆ పావుగంటలో పోయిన అంశమేనా?

అర్జీదారు
మేనేజర్ గారు ముప్పై అంశాల గురించి చక్కగా చెప్పి మిగిలిన పదిని వదిలేశారు. అసలు కథంతా ఆ పదిలోనే ఉంటుంది.

ఒకటి, టేబుల్ అజెండా. ముందుగా పంపిన కాగితాల్లో ఉండదు. మీటింగు రోజున పొద్దున్నే జిరాక్సు తీసి బల్లల మీద పెడతారు. చదివే తీరిక ఎవరికీ ఉండదు. రెండు, ర్యాటిఫికేషన్. పని ముందే అయిపోతుంది, కొన్నిసార్లు డబ్బు కూడా చెల్లించేస్తారు. "అత్యవసరం దృష్ట్యా చైర్‌పర్సన్ గారి ముందస్తు అనుమతితో నిర్వహించడమైనది" అని రాసి తర్వాత కౌన్సిల్ ముందు పెడతారు. తుఫాను వచ్చి చెట్లు పడితే అత్యవసరం అని నేనూ ఒప్పుకుంటాను. పండగ స్వాగత తోరణం అత్యవసరం ఎలా అవుతుంది?

రిటైర్డ్‌మేనేజర్
@అర్జీదారు, టేబుల్ అజెండా దుర్వినియోగం అవుతుంది, కాదనను. కానీ ఏ ఒక్క సభ్యుడైనా లేచి "ఈ అంశం మీద నాకు అభ్యంతరం ఉంది, నా అసమ్మతి నమోదు చేయండి" అంటే మేము నమోదు చేసేవాళ్లం. నా సర్వీసులో అలా రాతపూర్వకంగా అసమ్మతి ఇచ్చిన సభ్యులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గట్టిగా అరిచి వాకౌట్ చేసినవాళ్లు మాత్రం బోలెడంతమంది. వాకౌట్ చేస్తే మినిట్స్‌లో (సమావేశపు రికార్డులో) అభ్యంతరం మిగలదు, మర్నాటి పేపర్లో ఫొటో మిగులుతుంది.

టీకప్పు
ఫొటో ముఖ్యమండీ. మినిట్స్ పుస్తకాన్ని ఎవరు ఫ్రేము కట్టిస్తారు?

డల్లాస్_అల్లుడు
టెక్సాస్‌లో ఉంటున్నాం. ఇక్కడ కూడా చిన్న నగరాల కౌన్సిళ్లలో మామూలు అంశాలన్నీ కలిపి కన్సెంట్ అజెండా అని ఒకే ఓటుతో ఆమోదిస్తారు. కాబట్టి గంపగుత్త ఆమోదం మన ఊరి రోగమేమీ కాదు. తేడా ఏమిటంటే, అజెండా ముందుగానే వెబ్‌సైటులో పెట్టాలి, అందులో లేనిదాని మీద ఆ రోజు నిర్ణయం తీసుకోకూడదు. ఏ సభ్యుడైనా ఒక అంశాన్ని ఆ మూటలోంచి తీసి విడిగా చర్చకు పెట్టమని అడగవచ్చు. అజెండాలోని అంశం మీద మామూలు మనిషి మాట్లాడే హక్కును 2019లో ఇక్కడ చట్టంలోనే పెట్టారు. మూడు నిమిషాలు ఇస్తారు, గడియారం ఎదురుగా పరుగెడుతూ ఉంటుంది.

ఆ మూడు నిమిషాల్లో జనం ఏం మాట్లాడతారు అని అడగకండి. పోయినసారి ఒక పెద్దాయన మొత్తం సమయం పక్కింటి ఆకులు ఊదే యంత్రం చప్పుడు గురించే చెప్పారు.

లెక్కల_మాస్టారు
ఆ పెద్దాయనను మా వార్డుకు పంపించండి. డీజే బండ్లు చూసి మూడు నిమిషాల్లో మౌనవ్రతం పడతారు.

పాలమూరు_పౌరురాలు
మీకు గొడవ పడడానికి ఒక కౌన్సిల్ అయినా ఉంది, సంతోషించండి. తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2025 జనవరిలో ముగిసింది. వెంటనే ఎన్నికలు పెట్టలేదు, ప్రత్యేకాధికారులను వేశారు. అప్పుడు అజెండా లేదు, వాకౌట్ లేదు, సమోసా లేదు. ఒక అధికారి సంతకంతో అన్నీ జరిగిపోయేవి. ఆయనకు మా ఊరితో పాటు ఇంకా ఎన్నో బాధ్యతలు. మా కాలనీలో వీధి దీపాలు వెలగడం లేదని చెప్పుకోవడానికి కనీసం తిట్టదగిన కౌన్సిలర్ కూడా లేకపోయారు. మాజీ కౌన్సిలర్ గారి దగ్గరికి వెళ్తే "నాకేం సంబంధం అమ్మా, నేను కూడా మీలాగే పన్ను కట్టేవాణ్ణి" అని టీ ఇచ్చి పంపించారు.

వేపచెట్టు_వీధి
@పాలమూరు_పౌరురాలు, మరి ఐదేళ్లకు మించకూడదు, ఆలోపే ఎన్నికలు జరపాలి అని రాజ్యాంగంలోనే ఉంది కదా? 74వ సవరణ?

లెక్కల_మాస్టారు
ఉంది. 1992లో చేశారు, 1993 జూన్ 1 నుంచి అమలు. పన్నెండో షెడ్యూలులో 18 పనులు రాసి పట్టణ సంస్థలకు ఇవ్వవచ్చన్నారు. తాగునీరు, రోడ్లు, పారిశుద్ధ్యం, శ్మశానాలు, వీధి దీపాలు, పట్టణ ప్రణాళిక, అన్నీ ఉన్నాయి. "ఇవ్వవచ్చు" అన్నారు, "ఇవ్వాలి" అనలేదు. రాష్ట్రాలు ఆ సందులోంచి దూరిపోయాయి. మన పట్టణ స్వపరిపాలన ముచ్చట ఈనాటిది కాదు. విశాఖ దగ్గర భీమునిపట్నం మున్సిపాలిటీ 1861లోనే ఏర్పడింది. వైస్రాయ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం 1882లో వచ్చింది, అంటే దానికి ముందే మనకు మున్సిపాలిటీ ఉంది.

టీకప్పు
అప్పటి నుంచీ పూడిక తీస్తూనే ఉన్నారన్నమాట.

అర్జీదారు
ఇంకొకటి ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. రాజ్యాంగం మహిళలకు మూడో వంతు స్థానాలు అంటే మన రాష్ట్రంలో సగం ఇచ్చారు. మంచిదే. కానీ మా కౌన్సిల్‌లో సభ్యురాలు కుర్చీలో కూర్చుంటారు, భర్త తలుపు దగ్గర నిలబడి సైగలు చేస్తాడు. వార్డులో అందరూ ఆయననే కౌన్సిలర్ గారు అంటారు. ఆమె పేరు పోస్టరు మీద తప్ప ఎక్కడా వినపడదు.

వేపచెట్టు_వీధి
అందరూ అలా ఉండరు. మా వార్డు కౌన్సిలర్ అంగన్‌వాడీలో పనిచేసి వచ్చారు. భర్త ఆటో నడుపుతారు, మీటింగుల వైపే రారు. ఆవిడ ఒక చిన్న నోటుబుక్కులో ఏ వీధిలో ఏ లైటు స్తంభం పోయిందో నంబరుతో సహా రాసుకుని వెళ్తారు. కూరగాయల మార్కెట్టులో ఆశీలు (మార్కెట్టు రుసుము) కాంట్రాక్టరు గంపకు ఇష్టం వచ్చినంత వసూలు చేస్తుంటే, ధరల బోర్డు ఎక్కడ, రసీదు ఎక్కడ అని కౌన్సిల్‌లో అడిగింది ఆవిడ ఒక్కరే. వేలం పాటలో కాంట్రాక్టు పాడుకున్నంత మాత్రాన ధర సొంతంగా పెట్టుకునే హక్కు రాదు, కౌన్సిల్ ఆమోదించిన ధరే తీసుకోవాలి. ఇప్పుడు మార్కెట్టు గేటు దగ్గర బోర్డు ఉంది. సగం చెరిపేశారనుకోండి, అది వేరే విషయం.

కిరాణా_కొట్టు
ఆశీలు గురించి మాట్లాడారు, సంతోషం. నా అద్దె గురించి కూడా ఒక ముక్క.

నీలిచొక్కా
అసలు డబ్బు ఎక్కడికి పోతోంది అన్నది నా ప్రశ్న. ఆస్తి పన్ను 2021 నుంచి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు కాబట్టి ఒకేసారి దెబ్బ పడలేదు, ఏటా కొద్దికొద్దిగా పడుతోంది. ఇంత కడుతుంటే ఒక్క కాలువ గోడకు డబ్బు లేదా?

టీకప్పు
అందులో గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది గమనించారా? పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. మా లైబ్రరీలో పేపరు కోసం ముందు వచ్చినవాడు కూర్చుంటాడు, తర్వాత వచ్చినవాడు వాడి భుజం మీదుగా చదువుతాడు. ఆ ఎనిమిది పైసలకు ఇంకో పేపరు వేయించవచ్చు.

రిటైర్డ్‌మేనేజర్
@నీలిచొక్కా, డబ్బు ఎక్కడికి పోతోందో చెప్తాను. చిన్న మున్సిపాలిటీకి సొంత ఆదాయం అంటే ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, షాపుల అద్దెలు, ఆశీలు, ట్రేడు లైసెన్సులు, ప్లాన్ ఫీజులు. దీన్నే సాధారణ నిధి అంటాం. ఇందులోంచే పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, కరెంటు బిల్లులు, డీజిలు పోను మిగిలిందే పనులకు. నీటి పంపుల కరెంటు బిల్లు చూస్తే మీకే కళ్లు తిరుగుతాయి.

రెండోది కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసుతో వచ్చే నిధులు. 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం లాంటి నిర్దిష్ట పనులకే ఖర్చు పెట్టాలన్నారు. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు, అందులోనూ జీతాలకు వాడకూడదన్నారు. అందుకని "డబ్బు ఉంది కదా, మా రోడ్డు వేయండి" అంటే ప్రతిసారీ కుదరదు. ఏ పద్దులో ఉన్న డబ్బు ఆ పద్దుకే. కాలువగట్టు గారూ, మీ కాలువ అజెండాలో ఉందో లేదో ఒక్కటే చూడకండి, ఏ నిధి కింద పెట్టారో కూడా చూడండి. సాధారణ నిధి కింద పెడితే పక్కనే "నిధుల లభ్యతను బట్టి" అని ఉంటుంది. ఆ మూడు మాటలే మీ కాలువ జాతకం.

నీలిచొక్కా
అయితే చెత్త పన్ను రద్దు చేసి తప్పు చేశారా?

మూడోవార్డు_ఓటరు
ఆ చర్చ ఇక్కడ మొదలుపెట్టకండి, దండం పెడతాను.

అర్జీదారు
మొదలుపెట్టారు కదా, నా మాట కూడా వినండి. 2021లో యూజర్ చార్జీల పేరుతో ఇంటింటికీ వసూలు చేశారు, బిల్లు కట్టని దుకాణాల ముందు చెత్త తెచ్చి పోసిన సంఘటనలు కూడా చూశాం. 2024 చివర్లో రద్దు చేశారు. జనానికి ఊరట. కానీ చెత్త బండి డీజిలు ఎవరో ఒకరు కట్టాలి కదా. రద్దు చేసినవాళ్లు ఆ లోటు ఎక్కడి నుంచి పూడుస్తారో కౌన్సిల్ బడ్జెట్ సమావేశంలో ఎవరైనా అడిగారా? మా ఊళ్లో అడగలేదు.

రిటైర్డ్‌మేనేజర్
బడ్జెట్ సమావేశం గురించి మాత్రం నన్ను అడగకండి. ఏడాది మొత్తంలో అతి ముఖ్యమైనది అదే, హాజరు అతి తక్కువ ఉండేదీ అదే.

వేపచెట్టు_వీధి
కుక్కల సంగతి ఎవరైనా చెప్పండి. మా కౌన్సిల్‌లో ప్రతి నెలా జీరో అవర్‌లో కుక్కల మీద ఒక ప్రశ్న వస్తుంది, "చర్యలు తీసుకుంటున్నాం" అని ఒక జవాబు వస్తుంది. పట్టుకెళ్లి ఊరవతల వదిలేస్తారట, మళ్లీ మూడో రోజుకు వచ్చేస్తాయట.

లెక్కల_మాస్టారు
ఊరవతల వదలడం 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలకు విరుద్ధం. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. దానికి ఆపరేషన్ చేసే కేంద్రం, పశువైద్యుడు, బోనులు కావాలి. చిన్న మున్సిపాలిటీకి ఇవేవీ ఉండవు. పక్క రెండు మూడు మున్సిపాలిటీలు కలిసి ఒక కేంద్రం పెట్టుకోవాలని కౌన్సిల్ తీర్మానం చేయించండి. నిజంగా కౌన్సిల్ చేయగలిగిన పని అది.

కాలువగట్టు
అందరికీ జవాబు రాయలేకపోయాను, అజెండా కోసం తిరుగుతున్నాను. ఆఫీసులో అడిగితే "సభ్యులకే ఇస్తాం" అన్నారు. చివరికి ప్రతిపక్షం వైపు ఉన్న ఒక కౌన్సిలర్ గారింట్లో దొరికింది. ఆయన చదవలేదు, స్టేపుల్ కూడా ఊడలేదు. ఫోనులో ఫొటోలు తీసుకుని వచ్చి రాత్రి కూర్చుని మొత్తం చదివాను.

మా కాలువ ఉంది. అంశం నంబరు 31. మేనేజర్ గారు చెప్పిన భాషే అక్షరం పొల్లు పోకుండా. సాధారణ నిధి, "నిధుల లభ్యతను బట్టి". సరే, అది అర్థమైంది.

నన్ను ఆపేసింది అంశం నంబరు 12. అది ర్యాటిఫికేషన్. నాలుగైదు వీధుల పేర్లు వరుసగా రాసి, వర్షాకాలం దృష్ట్యా అత్యవసరంగా జేసీబీ, ట్రాక్టరు అద్దెకు తీసుకుని సైడు కాలువల్లో పూడిక తీయించినట్టు, చెల్లింపును ఆమోదించవలసిందిగా ఉంది. ఆ వరుసలో మూడో పేరు మా వీధిది. మా వీధి వెడల్పుకు జేసీబీ మలుపు తిరగదు! అది వచ్చి ఉంటే ముందు మూలనున్న మంగళి షాపు రేకులు ఊడి ఉండేవి. ఇంటింటికీ వెళ్లి అడిగాను, ఎవరూ చూడలేదు.

టీకప్పు
అది అదృశ్య జేసీబీ. పుణ్యం చేసుకున్నవాళ్లకే కనపడుతుంది.

అర్జీదారు
చెప్పానా! ఆ పదిలోనే కథంతా అని. వెంటనే కలెక్టరుకు ఫిర్యాదు పెట్టండి, విలేకరిని పిలవండి.

రిటైర్డ్‌మేనేజర్
తొందరపడకండి. వీధి పేర్లు రాసేటప్పుడు వార్డు మొత్తాన్ని కలిపి రాయడం మా గుమాస్తాల అలవాటు. మీ వీధి మొదట్లో, మెయిన్ రోడ్డు కలిసే చోట మాత్రమే తీసి ఉండవచ్చు. మనుషులతో తీయించి యంత్రం అని రాసి ఉండవచ్చు. అసలు తీయకుండా రాసి కూడా ఉండవచ్చు, అది లేదని నేను అనను. ఏది నిజమో కొలతల పుస్తకంలో తేలుతుంది. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు పూడిక తీశారో, ఏ తేదీన కొలిచారో అందులో రాసి సంతకం పెట్టాలి. యంత్రం అద్దెకైతే గంటల లెక్క ఉండే లాగ్‌బుక్కు ఉండాలి, ట్రాక్టరు ట్రిప్పుల లెక్క ఉండాలి. ముందు అవి చూడండి. చేతిలో కాగితం లేకుండా ఆరోపణ చేస్తే రేపు మీరే సంజాయిషీ చెప్పుకోవాలి.

అర్జీదారు
మీ ఆఫీసువాళ్లను మీరు వెనకేసుకు రావడం సహజమే లెండి.

రిటైర్డ్‌మేనేజర్
వెనకేసుకు రావడం లేదు బాబూ, ఎక్కడ పట్టుకుంటే దొరుకుతుందో చెప్తున్నాను. పేపరువాళ్లకు చెప్తే రెండు రోజులు వార్త. కొలతల పుస్తకం నకలు తీసుకుంటే ఆడిట్ దాకా వెళ్తుంది.

మూడోవార్డు_ఓటరు
మేనేజర్ గారి మాటే నాదీ. సమాచార హక్కు చట్టం కింద అడగండి. చాలామందికి తెలియనిది ఏమిటంటే, కాపీలు అడగడమే కాదు, రికార్డులను, పనులను స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఆ చట్టంలో ఉంది. "తనిఖీకి తేదీ, సమయం ఇవ్వండి" అని రాయండి. వెళ్లి పుస్తకం తిరగేసి, కావలసిన పేజీల నకళ్లు మాత్రమే తీసుకోండి. మొత్తం కాపీలు అడిగితే వందల పేజీలకు డబ్బు కట్టమంటారు. ఇంకొకటి, అజెండా సభ్యులకే ఇస్తామన్నారు కదా. కౌన్సిళ్ల, కమిటీల సమావేశాలు ప్రజలు చూడవచ్చా, మినిట్స్ అందుబాటులో ఉంటాయా అన్నది అడగకుండానే ప్రకటించాలని అదే చట్టం నాలుగో సెక్షన్‌లో ఉంది. ఆ సెక్షన్ పేరు చెప్పి చూడండి, కుర్చీ లాగి వేస్తారు.

డల్లాస్_అల్లుడు
ఒక చిన్న సందేహం. కౌన్సిల్ ఆమోదించేసింది కదా, ఇక అడిగి ఏం లాభం?

రిటైర్డ్‌మేనేజర్
చట్టానికి విరుద్ధమైన తీర్మానాన్ని నిలిపివేసే, రద్దు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. పైగా కౌన్సిల్ ఆమోదం అంటే పని జరిగిందని ధ్రువీకరణ కాదు. చెయ్యని పనికి బిల్లు పెడితే కొలతలు రాసినవారి మెడకే చుట్టుకుంటుంది.

వేపచెట్టు_వీధి
కాలువగట్టు గారూ, ఆ స్టేపుల్ ఊడని కౌన్సిలర్ గారికి 12, 31 రెండింటి కింద పెన్నుతో గీత పెట్టి ఇవ్వండి. వచ్చే సమావేశంలో లేచి రాతపూర్వకంగా అడగమనండి. ప్రతిపక్షం కదా, ఉత్సాహంగానే అడుగుతారు.

కాలువగట్టు
అడిగాను. "తప్పకుండా అడుగుదాం, కానీ ఆ రోజు వాకౌట్ ప్రోగ్రాం ఉంది" అన్నారు.

టీకప్పు
వాకౌట్‌కు ముందు అడిగి, తర్వాత వెళ్లమనండి. సమోసాలు కట్టి ఇప్పిద్దాం.

కాలువగట్టు
నవ్వు వచ్చింది గానీ, ఆయనకు అదే చెప్పాను, ఒప్పుకున్నారు. అర్జీ ఇలా రాశాను, ఎవరైనా చూసి సరిచేయండి:

"ఫలానా తేదీన జరిగిన కౌన్సిల్ సమావేశపు అజెండా అంశం 12కు సంబంధించిన చైర్‌పర్సన్ ముందస్తు అనుమతి పత్రం, అంచనా, కొలతల పుస్తకంలోని సంబంధిత పేజీలు, యంత్రం లాగ్‌బుక్కు, ట్రాక్టరు ట్రిప్పుల వివరం, చెల్లింపు వోచర్లు తనిఖీ చేయుటకు తేదీ, సమయం తెలుపగలరు. అదే సమావేశపు అంశం 31 కింద ఆమోదించిన పని ప్రస్తుతం ఏ దశలో ఉన్నదో తెలుపగలరు."

మూడోవార్డు_ఓటరు
బాగుంది. ఒక్క మార్పు. "ఎందుకు చేశారు", "ఎప్పుడు చేస్తారు" అన్న మాటలు ఎక్కడా రాకూడదు. అది సమాచారం కాదు, వివరణ అని తిప్పి పంపుతారు. మీరు రాయలేదు, మంచిది. పది రూపాయల రుసుము కట్టి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి వేయాలి.

రిటైర్డ్‌మేనేజర్
రెండు ప్రశ్నలూ ఒకే అర్జీలో పెట్టకండి. 12 ఇంజనీరింగు, అకౌంట్సు సెక్షన్లు రెండూ కలిసి జవాబు చెప్పాలి, ఆలస్యం అవుతుంది. 31 సులువు, వారంలో వచ్చేస్తుంది. విడివిడిగా వేయండి. తనిఖీకి వెళ్లినప్పుడు ఒంటరిగా వెళ్లకండి, లెక్కలు తెలిసినవాళ్లను ఒకరిని తీసుకెళ్లండి. పూడిక ఎన్ని ఘనపు మీటర్లు రాశారో చూసి, మీ కాలువ పొడవు, వెడల్పులతో భాగించి చూడండి. వచ్చిన లోతు కాలువ లోతు కన్నా ఎక్కువ ఉంటే ఇక మీరు మాట్లాడనక్కరలేదు, ఆ అంకెను చూపించి కూర్చోండి.

లెక్కల_మాస్టారు
ఇదేదో నా పని లాగా ఉంది. మీ ఊరు మా జిల్లాలోనే అయితే నేను వస్తాను. టేపు నేనే తెస్తాను.

కాలువగట్టు
మీకు విడిగా సందేశం పంపాను మాస్టారూ. మనది ఒకే జిల్లా.

కిరాణా_కొట్టు
కాలువ సంగతి తేలింది, కుక్కల సంగతి తేలింది, అమెరికాలో ఆకులు ఊదే యంత్రం సంగతి కూడా తేలింది. నా షాపు అద్దె 33 శాతం గురించి ఇంతవరకు ఒక్కరూ నోరు విప్పలేదు.

రిటైర్డ్‌మేనేజర్
విప్పితే మీకు నచ్చదని ఊరుకున్నాను. మూడేళ్లకోసారి లీజు పొడిగిస్తే ఆ మేరకు పెంచాలన్నది నిబంధన. దాన్ని తగ్గించే అధికారం కౌన్సిల్‌కు లేదు. కాదంటే బహిరంగ వేలం పెడతారు. వేలంలో మీ షాపు ఎంతకు పోతుందో పక్క షాపువాళ్లను అడిగి చూడండి.

కిరాణా_కొట్టు
వద్దులెండి. కట్టేస్తాను.